వెలివేసేవాళ్లకు సంఘం ఉంది

భక్తి ఇంట్లో ఉండాలి, సమాజం సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. చదువుకున్న తెలుగువాళ్లలో ఈ మాటను కాదనేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. ఒకరి పొడ ఒకరికి గిట్టని రెండు వర్గాలు ఈ ఒక్కచోట మాత్రం కలుస్తాయి. ప్రవచనాలకు వెళ్లేవాళ్లు, ధ్యానకేంద్రాల్లో కూర్చునేవాళ్లు “ముందు నిన్ను నువ్వు బాగుచేసుకో, లోకం దానంతట అదే బాగుపడుతుంది” అంటారు. అభ్యుదయవాదులు “దయ, ధర్మం అనే కబుర్లతో ఏదీ మారదు, చట్టం రావాలి, పోరాటం జరగాలి, ఆధ్యాత్మికత గడప దాటితే ముప్పే” అంటారు. కారణాలు వేరు, తీర్పు ఒకటే. ఒక ఊళ్లో కొంతమంది ఒక విలువకు కట్టుబడి, కలిసి ప్రార్థించి, కలిసి తిని, ఆ బలంతో ఊళ్లోని అన్యాయానికి ఎదురు నిలవడం ఇద్దరి దృష్టిలోనూ కాలం చెల్లిన పని.

ఈ తీర్పు తప్పని నేనంటున్నాను. దీనివల్ల నష్టపోతున్నది తీర్పు చెప్పేవాళ్లు కారు. ఊరి కట్టును ధిక్కరించి ఒంటరిగా మిగిలిన ఆడపిల్ల, ప్రేమించి పెళ్లాడి తలదాచుకునే ఇల్లు దొరకని జంట, కూలీ పెంచమన్నందుకు దుకాణంలో సరుకు పుట్టని కుటుంబం. వాళ్ల వైపు నుంచి చూస్తే ఈ వాదం మొదలుపెట్టాల్సిన చోటే వేరు.

మన దేశంలో క్రూరత్వం ప్రధానంగా చట్టం రూపంలో లేదు, ఒక్కొక్క మనిషి మనసులో దాగిన దుర్గుణంగానూ లేదు. అది కట్టుబాటు రూపంలో ఉంది. ఆ కట్టుబాటుకు ఉన్న ఆయుధం వెలి. వెలి అంటే ఏమిటో మన తాతలకు వివరించాల్సిన పని ఉండేది కాదు. బావిలో చేద వెయ్యనివ్వరు. పురోహితుడు రాడు, చాకలి రాడు, మంగలి రాడు. నిప్పు అడిగితే ఇవ్వరు. పిల్లనివ్వరు, పిల్లను తీసుకోరు. ఇంట్లో ఎవరైనా పోతే పాడె మొయ్యడానికి నలుగురు దొరకరు. ఇది ఒక్క శత్రువు చేసే పని కాదు. ఊరంతా కలిసి, ఎవరి చేతికీ మట్టి అంటకుండా చేసే పని. దాన్ని ఎదిరించే మనిషికి ఎంత మనోనిగ్రహం ఉన్నా నీళ్లు కావాలి. ఎంత మంచి చట్టం అండగా ఉన్నా, శవాన్ని మొయ్యడానికి నలుగురు కావాలి.

1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుబట్టి తెప్పించిన చట్టం. ఆ ఏడాదే డిసెంబర్ 7న కలకత్తాలో ఆ చట్టం కింద మొదటి పెళ్లి జరిగింది. బ్రిటిష్ సామ్రాజ్యం, దాని కోర్టులు, దాని పోలీసులు ఆ చట్టం వెనక ఉన్నాయి. తెలుగునాట ఏమైంది? పాతికేళ్లపాటు ఏమీ కాలేదు. చాలా కులాల్లో మారుమనువు మామూలు విషయమే కాబట్టి వాళ్లకు ఆ చట్టంతో పని లేదు. ఎవరికోసం చట్టం వచ్చిందో ఆ కులాల్లో మాత్రం గుండు గీయించుకున్న పసిపిల్లలు వంటింటి మూలల్లో అలాగే ఉండిపోయారు. పెళ్లి చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. పెళ్లయ్యాక మర్నాడు పొయ్యి మీద ఎసరు పెట్టడానికి నీళ్లు ఎవరు తెస్తారన్న ప్రశ్నకు చట్టం దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా.

ఆ జవాబు 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో దొరికింది. కందుకూరి వీరేశలింగం ఇంట్లో గోగులపాటి శ్రీరాములుకూ, కృష్ణా ప్రాంతం నుంచి రహస్యంగా తీసుకొచ్చిన బాలవితంతువుకూ పెళ్లి జరిగింది. దీన్ని మనం ఒక మహాపురుషుడి సాహసంగా పాఠ్యపుస్తకాల్లో చదివాం. నిజంగా జరిగింది అంతకంటే పెద్దది. ఆ పెళ్లికి మూడేళ్ల ముందే, 1878లో, అక్కడ ప్రార్థన సమాజం పుట్టింది. వారం వారం కూడి ప్రార్థన చేసుకునే కొద్దిమంది. బసవరాజు గవర్రాజు వంటి మిత్రులు, కాలేజీ కుర్రాళ్లు. విగ్రహం లేదు, తంతు లేదు. దేవుడి ముందు మనుషులంతా ఒకటేనన్న నమ్మకం, ఆ నమ్మకానికి తగినట్టు బతకాలన్న పట్టుదల, అంతే. 1879లో వీరేశలింగం వితంతు వివాహాల మీద బహిరంగంగా ఉపన్యసించేనాటికి, ఆయన మాట విని పక్కన నిలబడే మనుషులు ముందే ఉన్నారు. పెళ్లి రోజున ఊరేగింపుకు కాపలాగా నడిచింది ఆ విద్యార్థులే. పోలీసులూ వచ్చారు, నిజమే. కానీ పోలీసులు ఆ రాత్రికే వచ్చారు. కుర్రాళ్లు మర్నాడు కూడా ఉన్నారు.

ఖర్చు పెట్టింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. బ్రాహ్మణ వితంతువుల పెళ్లిళ్లకు ఒక వైశ్యుడు వేల రూపాయలు ఇచ్చాడు. ఆయనకు ఆ పెళ్లిళ్లతో చుట్టరికం లేదు, లాభం లేదు, తన కులంలో మాట పడటం తప్ప. న్యాయవాది ఆత్మూరి లక్ష్మీనరసింహం అండగా నిలిచాడు. ఇక అందరికంటే ఎక్కువ భారం మోసింది వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆవిడే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చింది. ఆవిడే వండింది, వడ్డించింది, ఆ పెళ్లికూతుళ్లను కన్నబిడ్డల్లా చూసుకుంది. సంస్కరణ ఉద్యమ చరిత్రలో ఉపన్యాసాల తేదీలు దొరుకుతాయి. ఆవిడ మోసిన బిందెల లెక్క ఎవరూ రాయలేదు. నా దృష్టిలో ఆ బిందెలే ఉద్యమం. వెలి అంటే నీళ్లు ఆపడమైతే, వెలికి జవాబు నీళ్లు మోయడమే.

ఆ తర్వాత మత పీఠం నుంచి బహిష్కార ఆజ్ఞలు, అంటే శ్రీముఖాలు, వచ్చాయి. పెళ్లికి వచ్చినవాళ్లలో, పెళ్లి భోజనం తిన్నవాళ్లలో చాలామంది భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. అలాంటి వాళ్లను నేను తప్పుపట్టను. అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు కావాల్సినవాళ్లు, తల్లిదండ్రుల కర్మకాండ జరపాల్సినవాళ్లు వాళ్లు. అభిప్రాయం ఉన్నంత మాత్రాన మనిషి ఇలాంటి ఒత్తిడికి నిలవడు. మిగిలింది కొద్దిమందే. అయినా మొదటి పెళ్లి జరిగిన నాలుగు రోజులకే, డిసెంబర్ 15న, రెండో పెళ్లి జరిగింది. పాతికేళ్లలో జరగని పని నాలుగు రోజుల్లో రెండుసార్లు జరిగింది. ఈ తేడా తెచ్చింది చట్టం కాదు, అది 1856 నుంచీ ఉంది. ఒక మనిషి మనశ్శుద్ధీ కాదు, మంచి మనసున్న తండ్రులు అంతకుముందూ ఉన్నారు, కూతుళ్లను చూసి కుమిలిపోయారు. కొత్తగా వచ్చింది ఒక్కటే: వెలివేసే సంఘానికి ఎదురుగా, వెలిపడ్డవాళ్లకు అన్నం పెట్టే ఇంకో సంఘం.

ఇక్కడ అభ్యుదయవాది అడ్డొస్తాడు. వీరేశలింగం జీవితమంతా కష్టపడితే అయిన పెళ్లిళ్లు సుమారు 40. లక్షలమంది వితంతువులున్న దేశంలో 40 పెళ్లిళ్లు ఏ మూలకు? పైగా డబ్బుకు ఆశపడి వచ్చిన వరులున్నారు, దంపతులకు ఇళ్లూ ఉద్యోగాలూ వెతికిపెట్టలేక ఆయన సతమతమయ్యాడు. ఇదంతా నిజమే. కానీ ఈ లెక్క వేసేవాళ్లు అవతలి పక్క అంకె కూడా చెప్పాలి. మొత్తం ప్రభుత్వ యంత్రాంగం అండగా ఉన్న చట్టం ఒక్కటే పనిచేసిన పాతికేళ్లలో ఇక్కడ ఎంతమందికి దారి దొరికింది? ఇంకో సంగతి. ఇళ్లూ ఉద్యోగాలూ వెతకాల్సి రావడం ఆ పద్ధతి లోపం కాదు. అదే ఆ పద్ధతి. ఆడపిల్లకు పెళ్లి చేసి చేతులు దులుపుకోవడం కుదరదని, ఆమె తర్వాతి ముప్పై ఏళ్ల బతుకు కూడా తమ బాధ్యతేనని ఆ సంఘం ఒప్పుకుంది. 1906లో వీరేశలింగం తన ఆస్తిని తాను పెట్టిన హితకారిణి సమాజానికి రాసిచ్చింది అందుకే. తర్వాతి తరాల్లో వితంతు వివాహం మామూలు మాటైందంటే, ఆ 40 ఇళ్లు కళ్ల ముందు కనబడటం వల్ల. జరగదు అనుకున్నది పక్కవీధిలో జరిగి, ఆ జంట పిల్లాపాపలతో బతుకుతుంటే, ఊరి భయం సన్నగిల్లుతుంది. ఉపన్యాసం వల్ల భయం పోదు.

ఇందులో ఆధ్యాత్మికత పాత్ర ఏముంది, ఇదంతా మానవత్వమే కదా అని మరో ప్రశ్న. ఆ రోజుల్లో కులపెద్ద, పీఠాధిపతి మాట్లాడింది దేవుడి పేరుతో. నువ్వు పాపం చేశావు, నీకు నరకం అన్నారు. ఎదిరించేవాడి దగ్గర అంతకంటే పై ప్రమాణం ఉండాలి. ఆ పిల్లను మూలన కూర్చోబెట్టడమే పాపమని గుండె లోతుల్లో నమ్మినవాడికి శ్రీముఖం ఒక కాగితం ముక్క. నమ్మకం ఇచ్చే ఈ తెగువను నేను తక్కువగా చూడలేను. అయితే ఆ నమ్మకం ఒంటరిగా ఉంటే ఇంట్లో ఏడుపుగా మిగిలిపోతుంది. వారానికోసారి పదిమంది కూడినప్పుడు అది పనిగా మారుతుంది. ప్రార్థన సమాజం చేసింది ఇదే. రాజమండ్రిలో 1887లో వాళ్లు కట్టుకున్న బ్రహ్మమందిరం ఈ కూడికకు కట్టుకున్న ఇల్లు.

దేవుడు లేకుండా ఈ పని జరగదా? జరుగుతుంది, జరిగింది. గోపరాజు రామచంద్రరావు, మనం గోరా అని పిలుచుకునే ఆయన, కరుడుగట్టిన నాస్తికుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. మాటల్లో కాకుండా చేతల్లో ఆయనా, ఆయన భార్య సరస్వతీ గోరా చేసింది ఏమిటో చూడండి. ఒక పల్లెలో కాపురం పెట్టి, అంటరానితనం మీద యుద్ధాన్ని తమ వంటింటి నుంచి మొదలుపెట్టారు. పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లనూ పిలిచి సహపంక్తి భోజనాలు చేశారు. కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశారు. 1948లో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది. తాను దగ్గరుండి జరిపిస్తానన్న గాంధీ అప్పటికే హత్యకు గురయ్యాడు. పున్నమి లెక్కన కూడటం, కలిసి తినడం, ఒక సత్యానికి జీవితాన్ని అప్పగించడం, పిల్లల్ని కూడా ఆ సత్యంలోకి తీసుకురావడం. గోరా దేవుణ్ని ఒప్పుకోలేదు గానీ, దృఢమైన విలువ చుట్టూ ఊళ్లో ఒక సంఘం కట్టకుండా కులం కట్టు తెగదని ఆయన చేతలే ఒప్పుకున్నాయి. ఆయన్ను ఆరాధించే అభ్యుదయవాదులు ఆయన పుస్తకాలతో ఆగిపోయారు. ఆయన పంక్తిలో కూర్చోలేదు.

ఆధ్యాత్మిక సంఘాలు చేసిన తప్పులు కూడా చిన్నవి కావు. వాటిని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. ఆడపిల్లలకు కాలేజీ తలుపులు తెరిచాడు, పిఠాపురం రాజా సాయంతో అనాథ పిల్లలకు ఆశ్రయం ఏర్పడటంలో ఆయన చెయ్యి ఉంది, బ్రహ్మసమాజం ద్వారా ఒక తరం యువకుల్ని తీర్చిదిద్దాడు. రచయిత చలం వంటివాడు కూడా ఆ గాలిలో పెరిగినవాడే. ఆ నాయుడే, ఆయనకు ముందు వీరేశలింగమే, భోగం మేళాల మీద ఉద్యమం నడిపారు. పెళ్లిళ్లకు మేళాలు పిలవవద్దని పెద్దమనుషుల చేత ప్రమాణాలు చేయించారు. ఆ ఉద్యమంలో, ఆ మేళాల్లో ఆడిపాడే కళావంతులు ఉపాధి పోగొట్టుకున్నారు, తరతరాల విద్య పోగొట్టుకున్నారు, దానికితోడు అపవిత్రులన్న ముద్ర మిగిలింది. ఎవరి బాగుకోసం అన్నారో వాళ్లను సంప్రదించలేదు. ఇది దయ ఎక్కువై జరిగిన తప్పు అని నేననుకోను. శుచి మీద మోజు ఎక్కువై, ఆ స్త్రీలను తమ పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోకపోవడం వల్ల జరిగిన తప్పు. రాజ్యలక్ష్మమ్మ బాలవితంతువులకు తన వంటింట్లో చోటిచ్చింది. కళావంతులకు ఆ సంస్కర్తల ఇళ్లలో ఏ వంటిల్లు తెరుచుకుంది?

ఈ ప్రశ్న విన్నవెంటనే కొందరు, చూశారా, ఆధ్యాత్మిక సంస్కరణ అంటే పై కులాలవాళ్లు కింది కులాలవాళ్లను ఉద్ధరించడమే అంటారు. వాళ్లకు హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ కథ తెలియదు, లేదా తెలిసీ పక్కన పెడతారు. 1888లో పుట్టిన ఈ దళిత యువకుడు 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి పెట్టాడు. ఎలా మొదలుపెట్టాడు? హరికథలతో. వాడల్లో రాత్రిపూట జనం కూడేది హరికథలకూ భజనలకూ కాబట్టి అక్కడికే వెళ్లాడు. 1911లో అది మన్య సంఘమైంది. తర్వాత ఆది హిందూ పేరుతో విస్తరించింది. దళిత పిల్లలకు ఆయన నడిపిన బడులు 26 దాకా పెరిగాయి. అవి తెలుగు బడులు. నిజాం రాజ్యంలో, ఉర్దూ పాలనలో, వాడ పిల్లలకు తెలుగు అక్షరాలు. తాగుడు మానిపించాడు, బాల్యవివాహాలు మానిపించాడు, ఆడపిల్లల్ని దేవతలకు వదిలిపెట్టే ఆచారం మీద పోరాడాడు. బ్రహ్మసమాజంతో నడిచాడు, ఆర్యసమాజంతో నడిచాడు, చివరికి బుద్ధుడి దగ్గరికి చేరాడు. 1913 నుంచే ఆయన ఆధ్వర్యంలో బుద్ధజయంతి జరిగింది. అంటే అంబేద్కర్ నాగ్‌పూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకోవడానికి నలభై మూడేళ్ల ముందు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు ఆయనే అధ్యక్షుడు. మేము పంచములం కాము, ఆది ఆంధ్రులం అని అక్కడే చెప్పుకున్నారు.

ఆ మనుషుల్ని ఎవరూ ఉద్ధరించలేదు. తమ గౌరవాన్ని తామే దేవుడి ముందూ, బుద్ధుడి ముందూ కనుక్కుని, ఆ గౌరవం చుట్టూ బడి, భజన, పంచాయతీ కట్టుకున్నారు. ఆ బడుల్లో చదివిన పిల్లల్లోంచే తర్వాతి రాజకీయ తరం వచ్చింది. ఆధ్యాత్మికత రాజకీయాన్ని మందగింపజేస్తుందనే సిద్ధాంతం ఇక్కడ నిలవదు. ఓటు హక్కు ఊసే లేని రోజుల్లో, ఏ పార్టీ తలుపు తట్టని వాడల్లో, రాజకీయం పుట్టడానికి కావాల్సిన నేలను సిద్ధం చేసింది ఆ హరికథలే.

ఇప్పుడు మిగిలిన వర్గం, మనసులు మారితే చాలు అనేవాళ్ల దగ్గరికి వస్తాను. వాళ్ల వాదానికి అన్నింటికంటే పెద్ద పరీక్ష కూడా మన నేలమీదే జరిగింది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి గాంధీ శిష్యుడు వినోబా భావే నడిచి వచ్చాడు. తెలంగాణ సాయుధ పోరాటం చివరి నెలలవి. పల్లెల్లో ఒకవైపు కమ్యూనిస్టు దళాలు, ఇంకోవైపు సైన్యం. సమ్మేళనం తర్వాత ఆయన నల్గొండ పల్లెల్లోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. ప్రభుత్వానికి చెప్పి ప్రయత్నిస్తానని ఆయనకు ముందుగా తోచింది. తర్వాత ఊరివాళ్లనే అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఆ ఘట్టం నిజం, గొప్పది. ఒక మనిషి మనసు ఒక క్షణంలో కరగవచ్చునని దాన్ని చూసి ఒప్పుకోవాల్సిందే.

తర్వాత ఏమైంది? అది భూదాన ఉద్యమమైంది, 5 కోట్ల ఎకరాలు సేకరించాలన్నారు. దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానం వచ్చిందని లెక్క తేలింది. అందులో రాళ్లూ రప్పలూ, కోర్టు తగాదాల్లో ఉన్నవీ కొల్లలు. పెద్ద భాగం పేదల చేతికి చేరనే లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూముల కబ్జా తగాదాలు ఈనాటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి. దయ ఓడిపోయిందని అభ్యుదయవాదులు తేల్చేశారు. నేనలా అనుకోను. దయ ఊరు దాటి వెళ్లిపోయింది. వినోబా మర్నాడు ఉదయం ఇంకో ఊరికి నడిచాడు. ఆయన వెనక, ఆ ఊళ్లో, ఇచ్చిన మాట నెరవేరిందో లేదో అడిగేవాళ్లు, హద్దురాళ్లు పాతించేవాళ్లు, ఎద్దులూ విత్తనాలూ సమకూర్చేవాళ్లు, పట్వారీ దగ్గర పేరు మార్పించేవాళ్లు ఒక సంఘంగా మిగల్లేదు. దాత కొడుకు కాదంటే దాత మనసు ఎంత కరిగి ఏం లాభం? మనసు కరగడం ఒక సాయంత్రం పని. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పనికి మనుషులు కావాలి, వాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి. రాజమండ్రిలో ఉన్నదీ, భూదానంలో లేనిదీ ఇదే.

ఇదంతా పాత కథ, ఇప్పుడు వెలి ఎక్కడుంది అని పట్నాల్లో అడుగుతారు. నిజామాబాద్ ప్రాంతపు గ్రామాల్లో అడిగి చూడండి. గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో పెద్దలు కూర్చుని, తమ మాట వినని కుటుంబాలకూ కొన్నిసార్లు మొత్తం కులాలకూ సాంఘిక బహిష్కారం వేస్తున్న వార్తలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. వాళ్లతో మాట్లాడితే జరిమానా. పనికి పిలిస్తే జరిమానా. కేసులు పెడతారు, అధికారులు వస్తారు, రాజీ అంటారు, వెళ్లిపోతారు. ఊరు మళ్లీ ఊరే. కులం దాటి పెళ్లాడేవాళ్లకు 1954 నుంచి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అయినా 2018లో మిర్యాలగూడలో కులం కాని పిల్లను పెళ్లాడినందుకు ఒక దళిత యువకుణ్ని పట్టపగలు, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగా నరికి చంపారు. హంతకులకు శిక్ష పడింది, పడాలి. కానీ ఆ జంటలాంటి జంటలు ఇప్పటికీ పెళ్లి కాగానే పరిగెత్తేది పోలీస్ స్టేషన్‌కే. ఎందుకంటే ఆ ఊళ్లో వాళ్లకు తెలిసిన గుడిగానీ, చర్చిగానీ, మసీదుగానీ, ధ్యానమందిరంగానీ, “మా దగ్గర ఉండండమ్మా, మిమ్మల్ని తాకాలంటే మమ్మల్ని దాటి రావాలి” అన్నది లేదు. ఇంతమంది భక్తులున్న దేశంలో ఆ మాట అనే పదిళ్లు ఒక్కో పట్నంలో లేకపోవడం నన్ను నిద్రపోనివ్వదు.

వెలివేసేవాళ్లకు మాత్రం సంఘం ఉంది. వాళ్లెప్పుడూ ఇది వ్యక్తిగత విషయం అనుకుని ఇంట్లో కూర్చోలేదు. కులసంఘం ఉంది, దానికి కల్యాణమంటపం ఉంది, హాస్టల్ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, ఏటా కార్తీక వనభోజనాలున్నాయి. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినాలన్న ఒక అందమైన ఆచారాన్ని మనం కులాలవారీగా పంచుకున్నాం. ఫలానా కులం వారి వనభోజన మహోత్సవం అని ఫ్లెక్సీలు కడుతున్నాం, మంత్రుల్ని పిలుస్తున్నాం. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు కూడా ఆ అలవాటును విమానంలో తీసుకెళ్లారు. ఆధ్యాత్మికత ఇంట్లో ఉండాలని మంచివాళ్లు ఒప్పుకున్నాక, బయట మిగిలింది ఇదే. దయగలవాళ్లు ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండదు.

మతం చుట్టూ మనుషుల్ని కూడగడితే మూక తయారవుతుందన్న భయం నాకూ ఉంది. ఆ మూకల్ని మనం చూస్తూనే ఉన్నాం. కానీ మూకకు భయపడి మంచివాళ్లు విడివిడిగా ఉండిపోతే మూకకే మేలు. ఏది మూక, ఏది సంఘం అన్నది తేల్చడానికి సిద్ధాంతం అక్కర్లేదు. పంక్తి చూస్తే తెలుస్తుంది. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, పిలవకుండా మిగిలిపోయింది ఎవరు? శత్రువు పేరు చెప్పి కూడేవాళ్లు ఈ ప్రశ్నలకు నిలవలేరు. పండ్లూ దుప్పట్లూ పంచి ఫొటోలు దిగే సేవా సంస్థలూ నిలవలేవు, ఎందుకంటే దుప్పటి తీసుకున్నవాడు ఆ సంస్థ సమావేశంలో కుర్చీ వేసుకుని కూర్చోడు. భాగ్యరెడ్డి వర్మ మండలి నిలుస్తుంది. గోరా పున్నమి భోజనాలు నిలుస్తాయి. కళావంతుల దగ్గర కాకినాడ, రాజమండ్రి పెద్దలు నిలవరు, బాలవితంతువుల దగ్గర నిలుస్తారు. ఒకే మనుషులు ఒకచోట గెలిచి ఇంకోచోట ఓడారంటే, ఈ పరీక్ష ఎంత నిక్కచ్చిదో అర్థమవుతుంది.

ప్రభుత్వం అక్కర్లేదని నేననడం లేదు. చట్టాలు కావాలి, పోలీసులు కావాలి. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కారాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. తెలుగు రాష్ట్రాలకూ అలాంటిది కావాలని ఎప్పుడో అడగాల్సింది. కానీ ఆ చట్టం వచ్చిన మర్నాడు కూడా ఎవరో ఒకరు బహిష్కృతుల ఇంటికి వెళ్లి భోంచెయ్యాలి. సాక్ష్యం చెప్పడానికి రావాలి. వాళ్ల పొలంలో నాట్లు వెయ్యాలి. ఊరిపెద్దల జరిమానాను లెక్కచెయ్యకుండా వాళ్ల కొట్లో సరుకు కొనాలి. ఆ ఎవరో అన్న మనిషి ఒక్కడైతే వాణ్నీ వెలివేస్తారు. ఇరవైమందైతే ఊరు ఆలోచిస్తుంది.

కాబట్టి ఈ కార్తీకంలో వనభోజనాలకు చందా రాసే భక్తులకు నేను చెప్పేది ఇది. మీ కులం ఫ్లెక్సీ కింద తినకండి. మీ వీధిలో చెత్త ఎత్తే ఆమెను, కులాంతర వివాహం చేసుకుని పుట్టింటికి దూరమైన అమ్మాయిని, పక్క వాడలో ఉన్న పాస్టర్‌నూ ముల్లానూ పిలవండి. వండటంలో వాళ్లూ ఒక చెయ్యి వెయ్యాలి, పిలుపు కాగితం మీద వాళ్ల పేర్లూ ఉండాలి. మీ బంధువుల్లో సగంమంది రారు. రాకపోతే మానె. వచ్చిన సగంతో వచ్చే నెల మళ్లీ కూడండి, ఆ పై నెల మళ్లీ కూడండి. మీ ఊళ్లో ఎవరి తలుపు ముందు ఊరు మొహం తిప్పుకుని వెళ్తోందో అక్కడ ఆ కూడిక పెట్టండి. ప్రవచనాలు చెప్పే పెద్దలు ఆ కూడికకు వచ్చి, నేల మీద, అదే పంక్తిలో, అందరితోపాటు తినాలి. వాళ్లను పిలిచేటప్పుడు ఈ షరతు ముందే చెప్పండి.